పాతబస్తీని కాలినడకన చూడటం ఎలా: నయాపూల్ నుంచి చౌమహల్లా దాకా, తక్కువ ఖర్చులో ఒక రోజు

"చార్మినార్ దగ్గర దిగాం, ఫోటో తీసుకున్నాం, అరగంటలో అయిపోయింది. ఇంకేం చూడాలి అక్కడ?" హైదరాబాద్ వచ్చిన చుట్టాలు తరచూ అడిగే మాట ఇది. దాని వెంటే ఇంకో రెండు ప్రశ్నలు వస్తాయి: మొత్తం ఎంత ఖర్చవుతుంది? ఆడవాళ్ళు ఒంటరిగా తిరగొచ్చా? మూడింటికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాం.

ముందుగా ఒక మాట. పాతబస్తీలో ఒక్కో చోటు ఒక్కో వేళకు తెరుచుకుంటుంది. దోశ బండి పొద్దున్నే ఉంటుంది, చార్మినార్ తొమ్మిదిన్నరకు తెరుస్తారు, గాజుల బజారైన లాడ్ బజార్ పదకొండుకు గానీ కళకట్టదు, నిజాంల చౌమహల్లా ప్యాలెస్ సాయంత్రం ఐదుకు మూస్తారు. ఈ వేళలు ఒకదాని వెంట ఒకటి అందేలా ఉత్తరం నుంచి దక్షిణానికి నడిస్తే, రెండున్నర మూడు కిలోమీటర్లలో అన్నీ చూసేయొచ్చు. వరస తప్పితే మూసిన తలుపుల ముందు నిలబడాలి.

ముందు రోజు ఎంచుకోండి

శుక్రవారం వద్దు. ఆ రోజు చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ సెలవు. మక్కా మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం చూడటానికి వచ్చేవాళ్ళను లోపలికి పంపరు, చుట్టూ రోడ్లు కిక్కిరిసిపోతాయి, పోలీసు బందోబస్తు ఉంటుంది. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి గానీ సాయంత్రానికి లాడ్ బజార్‌లో భుజానికి భుజం రాసుకుంటూ నడవాలి. సోమవారం నుంచి గురువారం దాకా ఏ రోజైనా మంచిదే.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడకకు అనువుగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక రాతిబాట మీద అరికాళ్ళు కాలతాయి. అప్పుడు వెళ్ళక తప్పదనుకుంటే చార్మినార్ దాకా చూసి వచ్చేయండి, మిగతాది ఇంకో రోజు పెట్టుకోండి.

రంజాన్ నెలలో ఈ వేళలన్నీ తిరగబడతాయి. పగలు చాలా హోటళ్ళు మూసి ఉంటాయి, బజారు ఇఫ్తార్ తరువాత మొదలై అర్ధరాత్రి దాటేదాకా సాగుతుంది. హలీం తినాలన్నా, ఆ వెలుగులు చూడాలన్నా సాయంత్రం ఆరు తరువాత వెళ్ళండి. కట్టడాలు చూడాలంటే మాత్రం ఆ నెల కాకుండా మరో నెలలో వెళ్ళండి.

ఏమేం కావాలి

- సులువుగా విప్పి వేసుకునే చెప్పులు లేదా బూట్లు. మసీదులో విప్పాలి. అడుగు భాగం అరిగిపోయినవి వద్దు, చార్మినార్ చుట్టూ పరిచిన రాళ్ళు తడిస్తే జారుతాయి.
- లీటరు నీళ్ళ సీసా.
- మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు. ఆడవాళ్ళకు తల మీద కప్పుకోవడానికి చున్నీ.
- చిన్న సంచి ఒక్కటే. పెద్ద బ్యాగులతో మసీదు దగ్గర ఆపేస్తారు. ఊరు నుంచి బస్సులోనో రైల్లోనో నేరుగా వస్తుంటే సామాను స్టేషన్ క్లోక్‌రూములో పెట్టి రండి.
- ఆధార్ లాంటి గుర్తింపు కార్డు.
- పది, ఇరవై, యాభై నోట్లు కలిపి ఓ మూడు వందలు. ఫోన్‌తో చెల్లింపులు దాదాపు అన్ని చోట్లా తీసుకుంటారు గానీ, గుంపుల్లో సిగ్నల్ దొరకదు.
- గాజులు కొనే ఆలోచన ఉంటే, సరిపోయే పాత గాజు ఒకటి. ఇది మరిచిపోవద్దు, ఎందుకో కింద చెప్తాం.

ఖర్చు లెక్క, మనిషికి

చార్మినార్ టికెట్ సుమారు పాతిక రూపాయలు, 15 ఏళ్ళ లోపు పిల్లలకు ఉచితం. చౌమహల్లాకు సుమారు వంద. పొద్దున టిఫినుకు ఎనభై నుంచి నూటయాభై, చాయ్ బిస్కెట్లకు యాభై, మధ్యాహ్నం బిర్యానీకి రెండున్నర వందల నుంచి మూడు వందలు. రానుపోను మెట్రో లేదా బస్సుకు దూరాన్ని బట్టి యాభై నుంచి నూట ఇరవై. అంతా కలిపి ఆరు ఏడు వందల్లో అయిపోతుంది. బిర్యానీ బదులు సాదా భోజనం చేసి, ప్యాలెస్ వదిలేస్తే మూడు వందల్లో కూడా సాధ్యమే. టికెట్ ధరలు మారుతుంటాయి, కౌంటర్ దగ్గర బోర్డు చూసే డబ్బు ఇవ్వండి.

తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డు ఉన్న ఆడవాళ్ళకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. 2023 డిసెంబరు నుంచి ఉన్న మహాలక్ష్మి పథకం ఇది. కండక్టర్ సున్నా టికెట్ కొట్టి ఇస్తారు, అది తీసుకుని దిగేదాకా దగ్గర ఉంచుకోండి. విజయవాడ నుంచో వైజాగ్ నుంచో వచ్చినవాళ్ళ కార్డు ఇక్కడ చెల్లదు, టికెట్ కొనాల్సిందే.

నడక, ఒక్కో అడుగు

1. ఉదయం ఏడున్నరకు ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్)లో దిగండి.

పాతబస్తీకి ప్రస్తుతం దగ్గరి మెట్రో స్టేషన్ ఇదే, ఎర్ర లైను, ఆకుపచ్చ లైను ఇక్కడే కలుస్తాయి. జిల్లాల నుంచి వచ్చే బస్సులు ఆగేదీ ఇక్కడే. మరుగుదొడ్డి పని ఇక్కడే ముగించుకోండి. దారిలో శుభ్రమైనది మళ్ళీ దొరికేది చౌమహల్లాలోనే, అంటే నాలుగైదు గంటల తరువాత. ఆడవాళ్ళు ఈ ఒక్క విషయం ముందే చూసుకుంటే సగం ఇబ్బంది తప్పుతుంది.

బయట ఆటోవాళ్ళు చార్మినార్ అంటూ చుట్టుముడతారు. వద్దనండి. ఆటో ఎక్కితే ఈ నడకలో మొదటి సగం పోతుంది. పైగా చార్మినార్ చుట్టూ వాహనాలు రానివ్వరు, ఎలాగూ దూరంలోనే దింపుతారు.

పెద్దవాళ్ళో చిన్నపిల్లలో వెంట ఉంటే అఫ్జల్‌గంజ్ దాకా సిటీ బస్సు ఎక్కి, అక్కడి నుంచి నడవండి.

2. అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటండి.

ఎంజీబీఎస్ నుంచి అఫ్జల్‌గంజ్‌కు పావుగంట నడక. అక్కడ రెండు పెద్ద కట్టడాలు పక్కపక్కనే కనిపిస్తాయి: రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, ఉస్మానియా ఆసుపత్రి. ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. చూడాలనుకుంటే గేటు దగ్గర అడిగి, నిశ్శబ్దంగా చూసి వచ్చేయండి. అది రోగులు తిరిగే చోటు, ఫోన్ జేబులోనే ఉంచండి.

ఆ వరద సంగతి గుర్తు పెట్టుకుని నయాపూల్, అంటే మూసీ మీది వంతెన ఎక్కండి. ముందు కనిపించే చాలా కట్టడాలు ఆ వరద తరువాత కొత్తగా లేచినవే. వంతెన మీద ఎడమ కాలిబాటన నడిచి, మధ్యలో ఆగి కుడివైపు చూస్తే దక్షిణ ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తాయి. అది 1920 నాటిది. పొద్దుటి ఎండ దాని మీద పడుతుంటుంది కాబట్టి ఫోటోకు ఇదే వేళ. మధ్యాహ్నం వస్తే వెలుతురు ఎదురవుతుంది.

3. మదీనా దగ్గర నుంచి పత్తర్‌గట్టి.

నయాపూల్ దిగి నేరుగా వెళ్తే మదీనా కూడలి. అది దాటాక రోడ్డుకు రెండువైపులా ఒకే తీరులో కట్టిన రాతి కమానుల వరస మొదలవుతుంది. అదే పత్తర్‌గట్టి. వరద తరువాత నగరాన్ని బాగుచేయడానికి పెట్టిన సంఘం కట్టించిన బజారు ఇది. ఈ వేళకు షట్టర్లు వేసి ఉంటాయి. అందుకే ఇప్పుడు రమ్మన్నది. పదకొండు దాటాక బోర్డులు, వేలాడదీసిన బట్టలు, పార్కింగు కలిసి ఆ రాతిపనిని కనబడనివ్వవు. కాస్త తల ఎత్తి పై అంతస్తు చూస్తూ నడవండి.

ఇక్కడే ఒక చిన్న మలుపు తప్పకుండా తీసుకోండి: బాద్షాహీ ఆషుర్ఖానా. మదీనా పక్కనే ఉంటుంది, ఎవరిని అడిగినా చెప్తారు. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలం నాటి శోకమందిరం. లోపలి గోడ దగ్గరికి వెళ్ళి పలకలు చూడండి. పైన పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో నిగనిగలాడే అసలు పలకలు ఉంటాయి. చూపు కిందికి దించుతూ రండి. ఒకచోట నిగారింపు ఆగిపోయి, అదే నమూనా మామూలు రంగుతో గీసినట్టు కనిపిస్తుంది. కింది భాగం 1908 వరదలో పాడైంది, తరువాత రంగు వేసి నింపారు. చేత్తో ముట్టకండి. చెప్పులు బయటే విప్పాలి. మొహర్రం రోజుల్లో ఇది సంతాపం పాటించేవాళ్ళ చోటు, చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఆ రోజుల్లో ఆగడమే మర్యాద.

ఇంకా తలుపు తీయలేదంటే వేచి ఉండకండి, ముందుకు సాగండి. తిరుగు దారిలో చూడొచ్చు.

4. గుల్జార్ హౌజ్ దగ్గర ఆగి, దిక్కులు సరిచూసుకోండి.

పత్తర్‌గట్టి చివర ఒక కమాను కింద నుంచి వెళ్తారు. అది మచ్లీ కమాన్. దాటగానే నడిరోడ్డున చిన్న నీళ్ళ తొట్టె, గుల్జార్ హౌజ్. దాని పక్కన నిలబడి చుట్టూ తిరిగి చూడండి. నాలుగు దిక్కులా నాలుగు కమానులు కనబడాలి: ఉత్తరాన మీరు దాటివచ్చిన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. నాలుగూ కనబడితే మీరు సరైన చోటే ఉన్నట్టు. దక్షిణపు కమాను లోంచి చూస్తే చార్మినార్ చట్రంలో బిగించినట్టు కనిపిస్తుంది. చార్మినార్ దగ్గర నేరుగా దిగేవాళ్ళు ఎప్పటికీ చూడలేనిది ఇదే.

రోడ్డు మధ్యలో నిలబడి ఫోటో తీయకండి, ఇక్కడ బళ్ళు తిరుగుతాయి. తొట్టె గట్టుకు ఆనుకుని తీయండి.

టిఫిను ఇక్కడే. ఈ నాలుగు కమానుల చోటునే చార్‌కమాన్ అంటారు, దాని పక్క గల్లీలో గోవింద్ బండి అని పేరుపడ్డ దోశ బండి ఉంటుంది. పెనం నిండా దోశ పోసి, దాని మీదే ఉప్మా, ఉల్లిపాయ, పొడి, వెన్న వేసి నూరినట్టు కలిపేస్తారు. కొత్తవాళ్ళు మనిషికి రెండు చెప్తారు. ఒకటి ఇద్దరు పంచుకుని, చాలకపోతే ఇంకోటి చెప్పండి, వెన్న ఎక్కువ, కడుపు బరువెక్కితే నడక సాగదు. మధ్యాహ్నానికి బండి ఉండదు. మాంసాహారం కావాలంటే పాతబస్తీ పొద్దుటి తిండి నహారీ (మాంసం పులుసు), దానితో కుల్చా రొట్టె. అది కూడా తెల్లవారుజాము నుంచి తొమ్మిది దాకానే బాగుంటుంది, తరువాత అడుగంటిన గిన్నె మిగులుతుంది.

5. తొమ్మిదిన్నరకు చార్మినార్ ఎక్కండి.

తెరవగానే వెళ్ళడం ముఖ్యం. ఎక్కే మెట్లు మినారు లోపల మెలి తిరుగుతూ పోతాయి, ఒక్క మనిషి పట్టేంత వెడల్పు. పదకొండు దాటితే అదే ఇరుకులో వరస కట్టాలి. కౌంటర్ దగ్గర లైను ఉంటే అక్కడ పెట్టిన క్యూఆర్ కోడ్‌తో ఫోన్‌లోనే టికెట్ తీసుకోవచ్చు, ధర కాస్త తగ్గుతుంది కూడా.

పైదాకా మొత్తం 149 మెట్లు గానీ, మనల్ని మొదటి అంతస్తు వరకే పంపుతారు. మెట్లు ఎత్తుగా, మధ్యలో అరిగి ఉంటాయి. గోడవైపు ఆనుకుని, మెట్టు వెడల్పుగా ఉన్న అంచున కాలు వేయండి. చీకటిగా ఉంటుంది, చేతిలో ఫోన్ పెట్టుకుని వీడియో తీస్తూ ఎక్కొద్దు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, ఇరుకు చోట్లంటే భయమున్నవాళ్ళు కిందే ఉండిపోతే నష్టమేమీ లేదు. కింద కమానుల లోపలి సున్నపు పనితనం నింపాదిగా చూడొచ్చు.

పైకెక్కాక నాలుగువైపులా ఒక చుట్టు తిరగండి. 1591లో కట్టిన ఈ కట్టడం కమానులు సరిగ్గా నాలుగు దిక్కులకూ తెరుచుకుంటాయి. ఉత్తరాన మీరు నడిచి వచ్చిన దారి, పడమట లాడ్ బజార్, నైరుతిలో మక్కా మసీదు. ఇక మీదట వెళ్ళాల్సిన దారంతా ఇక్కడి నుంచే కంటితో కొలుచుకోండి. గల్లీల్లో ఫోన్ మ్యాపులో చుక్క అటూ ఇటూ ఎగురుతుంది, అప్పుడు ఈ చూపే పనికొస్తుంది.

6. చాయ్.

కిందికి దిగి మసీదు వైపు వస్తే నిమ్రా కేఫ్ కనిపిస్తుంది. నిలబడే తాగాలి. ముందు కౌంటర్‌లో డబ్బు కట్టి టోకెన్ తీసుకోండి, తరువాత చాయ్ దగ్గరికి. చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు రెండు. బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి వెంటనే తీసేయండి, క్షణం ఆలస్యమైతే కప్పు అడుగున దొరుకుతుంది. ఇరానీ చాయ్‌లో చక్కెర ముందే కలిసి ఉంటుంది, ఎక్కువే ఉంటుంది. మధుమేహం ఉన్నవాళ్ళు ఒకటి తీసుకుని పంచుకోండి. "వన్ బై టూ" అంటే చాలు, ఖాళీ కప్పు ఇస్తారు.

7. మక్కా మసీదు, పది నుంచి పదకొండున్నర మధ్యలో.

మధ్యాహ్నం నమాజు కాకముందే చూసి రావాలి. సంచులు తనిఖీ చేస్తారు. చెప్పులు విప్పేచోట విప్పండి, రెండూ కలిపి సంచిలో పెట్టుకోవడం ఇంకా మేలు. ఆడవాళ్ళు ప్రాంగణం అంతా తిరగొచ్చు, లోపలి నమాజు హాల్లోకి మాత్రం పంపరు.

కట్టడం 1617లో కుతుబ్‌షాహీల కాలంలో మొదలైంది, పూర్తయ్యేసరికి గోల్కొండ రాజ్యమే పోయి ఔరంగజేబు పాలన వచ్చింది. ఎడమవైపు పొడవాటి మంటపంలో రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా సమాధులు ఉన్నాయి. పావురాలకు గింజలు అమ్మేవాళ్ళు పిలుస్తారు. పొట్లం ధర ముందే అడిగి తీసుకోండి.

"గైడుని" అంటూ ఎవరైనా వెంట నడవడం మొదలుపెడితే, మొదటి వాక్యంలోనే "నక్కో భాయ్, శుక్రియా" (వద్దన్నా, ధన్యవాదాలు) అనేయండి. రెండు నిమిషాలు విన్నాక వద్దంటే గొడవ.

8. లాడ్ బజార్: ఇక్కడ తొందరపడకండి.

చార్మినార్‌కు పడమట మొదలయ్యే ఈ వీధి లక్క గాజులకు పేరు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. డబ్బు ఎక్కువగా పోయేది కూడా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా.

ముందు ఏమీ కొనకుండా వీధి చివరి దాకా నడవండి. మూడు నాలుగు అంగళ్ళలో ఒకే రకం గాజుల ధర అడగండి. "కిత్తే కా భాయ్?" (ఎంతన్నా?) అంటే చాలు. తెలుగులో అడిగినా చాలామంది తెలుగులోనే జవాబిస్తారు. వయసు పైబడిన మగవాళ్ళను చాచా అని, ఆడవాళ్ళను ఆపా అని పిలిస్తే మాట సాఫీగా సాగుతుంది. బోర్డు మీద ఒకే ధర అని రాసి ఉన్న కొట్లో బేరం చేయకండి. మిగతా చోట్ల చెప్పిన దానిలో సగం అడిగి, అరవై డెబ్బై శాతం దగ్గర తెగ్గొట్టుకోవడం మామూలు. కొనే ఉద్దేశం లేకుండా బేరం ఆడొద్దు. మీ ధరకు ఆయన ఒప్పుకున్నాక వెళ్ళిపోవడం ఇక్కడ అవమానంగా తీసుకుంటారు.

*సైజు.* అందరూ చేసే పొరపాటు ఇదే. గాజుల సైజులో చుక్క తరువాతి అంకె దశాంశం కాదు, అంగుళంలో పదహారో వంతులు. 2.4 అంటే రెండుంపావు అంగుళాలు, లోపలి వ్యాసం 5.7 సెంటీమీటర్లు. 2.6 అంటే 6 సెంటీమీటర్లు. 2.8 అంటే రెండున్నర అంగుళాలు, 6.35 సెంటీమీటర్లు. 2.10 అనేది 2.8 కంటే పెద్దది, చాలామంది చిన్నదనుకుని తీసుకుంటారు. ఇంట్లోవాళ్ళ కోసం కొంటుంటే పాత గాజు వెంట తెచ్చుకోమన్నది ఇందుకే. అది లేకపోతే ఇంట్లో ఉన్నవాళ్ళను స్కేలుతో లోపలి వ్యాసం కొలిచి ఫోన్‌లో చెప్పమనండి. లక్క గాజు మందంగా ఉంటుంది, మణికట్టు మీద గాజు గాజులా జారదు. రెండు సైజుల మధ్య అనుమానం ఉంటే పెద్దదే తీసుకోండి.

*పరీక్ష.* డబ్బు ఇచ్చేముందు ఈ నాలుగూ చూడండి.

- గాజును అద్దం బల్ల మీద పడుకోబెట్టండి. ఊగితే వంకర ఉన్నట్టు.
- జతలో గాజులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి పై నుంచి చూడండి. అంచులన్నీ కలవాలి.
- రాళ్ళ మీదుగా చున్నీ అంచు లాగండి. దారం పట్టుకుంటే ఆ రాయి సరిగ్గా కూర్చోలేదు, నాలుగు రోజుల్లో ఊడిపోతుంది.
- లోపలి వైపు చూడండి. లక్క అతికిన చోటు నున్నగా ఉండాలి. లోపల అంతా పలుచటి లోహపు రేకే ఉండి, చేతికి తేలిగ్గా తగిలితే అది లక్క గాజు కాదు. అది కూడా అందంగానే ఉండొచ్చు, కానీ లక్క ధర ఇవ్వకండి.

లోపలి గల్లీల్లో కొందరు కొట్టు ముందే గాజులు చేస్తుంటారు. బొగ్గుల కుంపటి సెగ మీద లక్క ముద్దను మెత్తబరచి, సన్నగా సాగదీసి, కొసలు కలిపి గుండ్రంగా తిప్పుతారు. వేడి ఆరకముందే రాళ్ళు ఒక్కొక్కటీ అద్దుతారు. ఆరితే రాయి పట్టదు, అందుకే ఆ చేతులు ఆగవు. నిలబడి చూడొచ్చు, ఫోటోకు మాత్రం అడగండి. పనిలో ఉన్న మనిషి తల ఊపితేనే తీయండి. ఊడిన రాయి అతికించడం, కాస్త బిగుతైన గాజును వేడిచేసి సరిచేయడం ఇక్కడే జరుగుతుంది. సైజు అనుమానం ఉంటే కొట్టు వదలకముందే అడగండి.

కొన్న గాజులను ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. లక్క మెత్తబడి జతంతా అతుక్కుపోతుంది. వేడినీళ్ళు కూడా తగలనివ్వకండి.

*ముత్యాలు, అత్తరు.* రెండు ముత్యాలు ఒకదానికొకటి రుద్దండి. సన్నటి ఇసుకలా గరగరలాడితే అసలువి, నున్నగా జారితే నకిలీవి. ఖరీదైన దండలు రోడ్డు పక్క కొనకండి, బిల్లు ఇచ్చే కొట్లో కొనండి. "ముత్యాల ఫ్యాక్టరీ చూపిస్తా" అంటూ ఆటోలో ఎక్కించుకునేవాళ్ళకు అక్కడ కమీషన్ ఉంటుంది, అది మీ బిల్లులోనే కలుస్తుంది. అత్తరు చేతి వెనక రాసుకుని, పావుగంట బజారులో తిరిగి వచ్చాక అప్పటికీ నచ్చితే కొనండి. సీసా తెరవగానే వచ్చే వాసన ఎంతోసేపు ఉండదు.

9. మహబూబ్ చౌక్ మీదుగా చౌమహల్లా.

లాడ్ బజార్ పడమటి చివర ఒక గడియార స్తంభం ఉంటుంది, 1892 నాటిది. అదే మహబూబ్ చౌక్. అక్కడి నుంచి ఎడమకు తిరిగి, ప్యాలెస్ ఉన్న పేట ఖిల్వత్ ఎటని అడుగుతూ వెళ్తే పది నిమిషాల్లో చౌమహల్లా గేటు. ఒంటిగంట లోపు ఇక్కడికి చేరాలి. ఒంటిగంటకు ఇంకా గాజుల కొట్లోనే ఉంటే, ముందు భోజనం చేసి రెండున్నరకు ప్యాలెస్‌కు రండి. ఐదుకు మూసేస్తారు కాబట్టి నాలుగు తరువాత టికెట్ కొనడం దండగ.

లోపల గంటన్నర పడుతుంది. దర్బారు హాలు ఖిల్వత్ ముబారక్‌లో 19 పెద్ద షాండ్లియర్లు వేలాడుతుంటాయి. అక్కడ నేల మీద చలువరాతి గద్దె ఉంది, ఆసఫ్‌జాహీల (నిజాంల) పట్టాభిషేకాలు జరిగినచోటు అదే. పాత కార్లు వెనక ఆవరణలో ఉన్నాయి, చాలామంది ముందు భవనాలే చూసి తిరిగిపోతారు. కెమెరాకు వేరే టికెట్ అడుగుతారు, ఫోన్ చాలనుకుంటే ఆ డబ్బు మిగులుతుంది. మరుగుదొడ్లు, కూర్చోవడానికి నీడ, నీళ్ళు ఇక్కడ ఉన్నాయి.

10. భోజనం.

శాలిబండ వైపు, మదీనా వైపు రెండు చోట్లా పేరున్న బిర్యానీ హోటళ్ళు ఉన్నాయి. షా గౌస్ శాలిబండలో, షాదాబ్ మదీనా దగ్గర. తిరుగు దారి మదీనా మీదుగానే కాబట్టి అక్కడ తింటే నడక కలిసొస్తుంది. ఒక మటన్ బిర్యానీ ఇద్దరికి సరిపోతుంది, ముందే రెండు చెప్పకండి. సగం ధరలో ముగించాలంటే రోటీ, దాల్ లేదా కుర్మా అడగండి. శాకాహారులు చార్‌కమాన్ చుట్టుపక్కల మార్వాడీ భోజనశాలలు, మిఠాయి కొట్లు చూసుకోండి.

సాలార్‌జంగ్ మ్యూజియం అదే రోజు కలపొచ్చా?

వద్దు. నయాపూల్ దగ్గరే ఉంది గానీ, సరిగ్గా చూడాలంటే సగం రోజు పడుతుంది. వాన రోజున ఈ నడక మానేసి మ్యూజియానికే వెళ్ళండి. సంగీత గడియారంలో బొమ్మ మనిషి వచ్చి గంట కొట్టడం ప్రతి గంటకూ ఉంటుంది. పన్నెండింటికి ఎక్కువ దెబ్బలు కొడతాడని జనం అప్పుడే గుమిగూడతారు. పదకొండుకు వెళ్తే కుర్చీ దొరుకుతుంది.

ఆడవాళ్ళు ఒంటరిగా

పగటిపూట, పని రోజుల్లో, ఈ దారిలో వెళ్ళొచ్చు. గాజులు, బట్టలు కొనడానికి వచ్చే ఆడవాళ్ళే ఇక్కడ ఎక్కువ. ఇబ్బంది వచ్చేది సెలవు సాయంత్రాల రద్దీలో. అప్పుడు వీధి మధ్యలో కాకుండా కొట్ల అంచున నడవండి, సంచి ముందుకు తిప్పుకోండి. ఎవరైనా వెంటపడుతున్నట్టు అనిపిస్తే దగ్గరి గాజుల కొట్టు లోపలికి వెళ్ళి కూర్చోండి. పోలీస్ స్టేషన్ చార్మినార్ పక్కనే ఉంది, అత్యవసర నంబరు 112.

తిరుగు ప్రయాణం

నాలుగు నాలుగున్నరకు చౌమహల్లా దగ్గర నుంచి బయల్దేరితే, తెరిచిన పత్తర్‌గట్టిని ఇప్పుడు రెండోసారి చూస్తారు, పొద్దున్న చూసిన రాతి కమానుల కింద బట్టల తానులు విప్పి పరుస్తుంటారు. ఆషుర్ఖానా పొద్దున్న మూసి ఉంటే ఇప్పుడు చూడండి. కాళ్ళు సహకరించకపోతే, చార్మినార్ దగ్గర ఆటో మాట్లాడకండి. మదీనా దాకా నడిచి, నయాపూల్ వైపు వెళ్ళే బస్సు ఎక్కండి, లేదా ఫోన్ యాప్‌లో ఆటో అక్కడికి పిలిపించుకోండి. చార్మినార్ అని పెడితే డ్రైవరు లోపలికి రాలేక రద్దు చేస్తాడు, మీరు అరగంట నిలబడతారు.

దీపాలు వెలిగాక చార్మినార్ చూడాలని ఉంటే ఏడు దాకా ఉండండి. అప్పుడు మెట్రో ఆఖరి రైలు వేళ ముందే చూసి పెట్టుకోండి. గాజుల డబ్బా పై బరువు పడకుండా సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకుని రైలెక్కండి.